గ్రేడర్ బాఫో తీసుకున్న ఒకే ఒక్క సెలవు

అద్వోవా తీవా నోటికి జడిసి జిల్లా పట్నం లారీ స్టాండులో డ్రైవర్లు చిల్లర సరిగ్గా ఇచ్చేవాళ్లు. ఆవిడ అక్కడ బొగ్గుల మీద అరటికాయలు కాల్చి, వేరుశెనగలు జోడించి అమ్మేది. ఒకడు పది సెడీలు ఎగ్గొట్టి బండెక్కితే, ఆ బండి వెనకే పరుగెత్తి, వాడి తల్లి పేరూ, ఊరి పేరూ, వాడు ఎదిగేదాకా పక్క తడిపిన సంగతీ స్టాండంతా వినేలా చెప్పి మరీ వసూలు చేసింది. అలాంటి మనిషి చేత ఐదు నెలలు ఒక్క మాట దాపించారంటే నమ్ముతారా? దాపించారు. ఏ మాటనుకున్నారు? కట్టుకున్న మొగుడు పోయాడన్న మాట!

ఆ మొగుడు క్వాకు బాఫో. సర్కారు రోడ్ల శాఖలో ఇరవయ్యారేళ్లు గ్రేడర్ నడిపాడు. మట్టిరోడ్డును గీకి చదును చేసే ఆ పసుపుపచ్చ బండికి మనిషెత్తు చక్రాలు. పదకొండేళ్ల కిందట మేనమామల వంశంలో పెద్దలు ఆయన్ను పట్టుకొచ్చి అసుక్రొం ఊరికి నానాగా, అంటే ఊరి రాజుగా, పీట మీద కూర్చోబెట్టారు. నానా అయ్యాక కూడా బాఫో బండి దిగలేదు. గ్రేడర్ ఊళ్లోకి వస్తుంటే ఆడవాళ్లు భుజం మీద బట్ట దించి దణ్ణం పెట్టేవాళ్లు. ఆయన పైనుంచి రాజులా తల ఊపి, బ్లేడు కిందికి దించుకుని పోయేవాడు.

సెలవు మాత్రం పెట్టేవాడు కాదు. "సెలవు పెట్టి ఏం చెయ్యను పిల్లా? ఇంట్లో పీట మీద కూర్చుంటే ఊళ్లో తగాదాలన్నీ నా నెత్తినేస్తారు. బండి మీద కూర్చుంటే ఎవడికీ అందను" అనేవాడు. ఏటా ఆఫీసువాళ్లు 'పని ఒత్తిడి వల్ల సెలవు వాయిదా' అని ఒక కాయితం ఇచ్చేవాళ్లు. బాఫో దాన్ని భద్రంగా తెచ్చి తీవా చేతిలో పెట్టేవాడు.

"ఈ కాయితాలు ఉడకేసి పులుసు పెట్టనా నానా?" అని ఎకసెక్కాలాడేది తీవా.

"నవ్వు, నవ్వు. అవి రేకులే పిచ్చిదానా. వచ్చే ఏడాది నేను రిటైరయ్యే రోజున వాయిదా పడ్డ రోజులన్నిటికీ జీతం ఇస్తారు. మన ఇంటి కప్పు అదే."

ఇల్లంటే పట్నం చివర రెండు గదుల గోడలు. నాలుగేళ్లుగా అలా మొండిగా నిలబడి ఉన్నాయి, లోపల గడ్డి మొలిచింది. ఊళ్లో వాళ్లున్న లోగిలి పీటకి చెందినది, బాఫోది కాదు. నానా పోతే కొత్త నానా వస్తాడు, పాత నానా పెళ్లాం మూట సర్దుకోవాలి. ఇది అక్కడ పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. అందుకే తీవా ప్రాణమంతా ఆ కప్పు మీదే ఉండేది.

మే ఇరవయ్యైదు, శనివారం. పొద్దున్నే బాఫో మొక్కజొన్న జావ ముందు కూర్చున్నాడు. "ఇందులో అల్లం..." అని ఏదో అనబోయాడు. అంతే. పక్కకి ఒరిగిపోయాడు. ఎక్కువయిందనబోయాడో తక్కువయిందనబోయాడో తీవాకి ఈనాటికీ తెలీదు. గుండె మీద చెవి పెట్టి వింది. చప్పుడు లేదు. కేక పెట్టబోయి నోరు తెరిచింది.

ఆ నోటిని ఒక ముసలి చెయ్యి వచ్చి మూసింది. బాఫోకి మేనమామ వరసయ్యే పెద్దాయన, ఓపనిన్ ఆచియా. ఎనభై రెండేళ్లు. జావ తాగడానికని రోజూ ఆ వేళకే వస్తాడు.

"ఎవరూ పోలేదు కోడలా" అన్నాడు మెల్లగా. "నానాకి కాలు నొప్పి. లోపలి గదిలో పడుకున్నాడు. విన్నావా?"

వినక ఏం చేస్తుంది? నానా పోతే ఆ మాట వెంటనే అనకూడదు. పీట ఖాళీగా ఉందని ఊరికి తెలియకూడదు. పెద్దలు అన్నీ సిద్ధం చేసుకుని, కోకో పంట చేతికొచ్చి, దినం ఘనంగా చెయ్యగలిగే రోజు వచ్చాకే చాటింపు. అందాకా ఏడిస్తే తప్పు, నల్ల బట్ట కడితే తప్పు, వంట మానేస్తే తప్పు. మధ్యాహ్నానికల్లా బాఫో మేనల్లుడు యా సెచెరే పట్నం నుంచి పికప్పు బండి తెచ్చాడు. వాడికి పట్నంలో ఫోన్ల దుకాణం ఉంది. శవాన్ని కందగడ్డల బస్తాల మధ్య పడుకోబెట్టి, దూరంగా ఇంకో పట్నంలో ఆస్పత్రి శవాల గదికి తీసుకెళ్లారు. తీవాని వెళ్లనివ్వలేదు. "నువ్వు పొయ్యి దగ్గరుండు అత్తా" అన్నాడు సెచెరే.

ఉంది. ఐదు నెలలు ఉంది. పూటకో గిన్నె ఫూఫూ ముద్ద దంచి, పులుసు పోసి, పైన పళ్లెం మూసి లోపలి గదికి మోసుకెళ్లింది. లోపల సెచెరేనో, ముసలాయనో కూర్చుని శుభ్రంగా తిని గిన్నె బయట పెట్టేవాళ్లు. ఊళ్లో అనుమానం వచ్చినవాళ్లు నోరు మూసుకున్నారు. ఆ మాట అంటే గొర్రెను జరిమానాగా కట్టాలి మరి! తీవా రోజూ స్టాండుకి వెళ్లి అరటికాయలు కాల్చింది, బేరాలాడింది, జోకులకి నవ్వింది. ఇంటికొచ్చి దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దానికి కూడా ముసలాయన, "చప్పుడు రానియ్యకు" అన్నాడు. ఒక ఆడదాని చేత ఇలాంటి పని చేయించేవాళ్లని ఏమనాలి? ఆచారం అంటారు. పోనీ, అలాగే అందాం.

అక్టోబరు ఇరవయ్యొకటి సోమవారం డప్పులు మోగాయి. నానా ఆ రోజే పోయాడని చాటింపేశారు. మరణ ధ్రువపత్రం మీదా అదే తేదీ పడింది. దినం అదిరిపోయింది. ముప్పై షామియానాలు, రెండు ఎద్దులు, రాజధాని నుంచి బాజాలు. తీవాకి ఎర్రంచు నల్ల బట్ట కొత్తది కట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, బాఫోతో జన్మలో మాట్లాడనివాళ్లు కూడా మైకు పట్టుకుని పొగిడారు. ఆవిడ మాత్రం ఐదు నెలల ఏడుపూ ఒక్క రోజులో ఏడవబోయింది. కన్నీళ్లు రాలేదు. వాటి రోజు దాటిపోయింది.

కోర్టు కాయితం రావడానికి మూడు నెలలు పట్టింది. బాఫో ఆస్తి వ్యవహారం చూసే హక్కు తీవాకీ, పెళ్లయి దూరంగా ఉన్న పెద్ద కూతురికీ ఇస్తున్నట్టు అందులో రాసి ఉంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఫిబ్రవరిలో ఒక మంగళవారం తీవా రోడ్ల శాఖ ఆఫీసు మెట్లెక్కింది. సిబ్బంది విభాగంలో మిసెస్ లార్టీ అని కళ్లద్దాలావిడ ఉంటుంది. బాఫో అంటే ఆవిడకి గౌరవం. కుర్చీ వేయించింది, నీళ్లిప్పించింది.

"ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ల సెలవు ఎక్కడికీ పోదమ్మా" అంది మిసెస్ లార్టీ ఫైలు దులుపుతూ. "రాసి వాయిదా వేసిన ప్రతి రోజుకీ జీతం లెక్కగట్టి ఆస్తిలో కలుపుతాం. ఆ ఆస్తికి కోర్టు ఎవరి పేరు రాసిందో వాళ్ల చేతికే ఇస్తాం. మేనల్లుళ్లొచ్చి అడిగినా ఇవ్వం. భయపడకు."

తీవా నిమ్మళించి నీళ్ల గ్లాసు అందుకుంది. మిసెస్ లార్టీ చివరి పేజీకి వెళ్లింది. ఆగింది. ముందు పేజీకి వచ్చి మళ్లీ చివరికి వెళ్లింది.

"అయ్యో... మర్చేపోయాను. మీవారికి మిగల్లేదమ్మా."

"ఏంటి మిగల్లేదు?"

"సెలవు. ఒక్క రోజు కూడా మిగల్లేదు. శని, ఆదివారాలూ పండగలూ పోను మొత్తం నూట రెండు రోజులూ వాడేసుకున్నారు. మే ఇరవయ్యేడు సోమవారం మొదలు అక్టోబరు పద్దెనిమిది శుక్రవారం దాకా."

"మా ఆయన జన్మలో సెలవు పెట్టలేదు మేడం."

"అదే కదా మేమూ అనుకున్నాం! ఆ దరఖాస్తు వచ్చిన రోజు ఆఫీసంతా చప్పట్లు కొట్టామమ్మా. ఇరవయ్యారేళ్లకి గ్రేడర్ బాఫో సెలవడిగాడు అని ఇంజినీరు గారు కూల్‌డ్రింకులు తెప్పించారు. ఆయన ఆరోగ్యం బాగుండాలని అందరం తాగాం. ఇదిగో, సంతకం."

తీవా సంతకం చూడలేదు. తేదీ చూసింది. మే ఇరవయ్యేడు. అప్పటికి ఆయన రెండు రోజులుగా మంచుగదిలో ఉన్నాడు. నోట్లో నీళ్లు మింగడం కూడా చేతకాక గ్లాసులోనే వదిలేసింది. చచ్చినవాడు సెలవు పెట్టడమేమిటి? సెలవు పెట్టి, రోజు తప్పకుండా వాడుకుని, అది అయిపోయిన శుక్రవారం దాకా ఆగి, సోమవారం చావడమేమిటి?

"మరి... జీతం?" అంది చివరికి.

"నెలనెలా ఖాతాలో పడిందమ్మా. సెలవులో ఉన్నా జీతం జీతమే కదా. ఆయనే తీసుకునుంటారు."

తీవా అసుక్రొం బస్సెక్కింది. టిక్కెట్టు కుర్రాడు అడగకుండా చిల్లర ఇచ్చేశాడు, ఆవిడ మొహం అలా ఉంది. లోగిలి ముందు వేపచెట్టు నీడలో సెచెరే, ముసలాయన కూర్చుని ఉన్నారు. పీట మీద తర్వాత కూర్చోబోయేది సెచెరేనే అని అప్పటికే ఊరంతా అనుకుంటోంది. వాడు నడక కూడా మార్చాడు, మెల్లగా అడుగులేస్తున్నాడు.

"మీ మావయ్యకి సెలవు ఎవర్రా పెట్టింది?" అంది తీవా సంచి కింద పడేసి.

సెచెరే దాచలేదు. అదే ఆవిణ్ణి ఇంకా దిమ్మెరపోయేలా చేసింది. "నేనే అత్తా. పెట్టకపోతే ఎట్లా? మావయ్య రెండు రోజులు రాకపోతే ఆఫీసువాళ్లు జీపేసుకుని వచ్చేవాళ్లు. గది తలుపు తీయమనేవాళ్లు. అప్పుడు పీట పరువు ఏం కావాలి? ఎన్ని రోజులు సెలవుందో అడిగి, అన్నీ రాసేశా. తాతకి చెప్పే చేశా."

"మరి జీతం?"

"నేను తిన్నానా? కార్డుతో తీసి దినానికి దాచా. ఆ షామియానాలు ఎక్కడివనుకున్నావ్? ఆ ఎద్దులు? నువ్వు కట్టుకున్న ఎర్రంచు బట్ట?"

ముసలాయన తల పంకించాడు. "నానా దినం నానా కష్టార్జితంతోనే జరిగింది కోడలా. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. అంతకన్నా ఘనత ఏం కావాలి?"

తీవా తను కట్టుకున్న బట్ట వంక చూసుకుంది. అదే బట్ట. ఆ రోజు తను కూడా ఎద్దు మాంసం రెండు సార్లు పెట్టించుకుంది, పెట్టినవాళ్లని మెచ్చుకుంది. రేకులన్నీ కోసుకుని, ఉడకబెట్టుకుని, బాజాలు వింటూ తినేశారు. తను కూడా తింది.

"ఇల్లు ఎలా కప్పుకోను తాతా?" అంది.

"నిన్ను వెంటనే పొమ్మన్నామా? ఏడాది గడవనీ. ఏరు రాకముందే చెప్పులు విప్పడమెందుకు? తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకమ్మా."

"వాసాలుంటే కదా లెక్కపెట్టడానికి!" అని అరిచింది తీవా. కానీ ఆ అరుపుకి వాళ్లిద్దరూ కదల్లేదు. సెచెరే ఫోను చూసుకున్నాడు.

రెండు రోజులు ఆలోచించి తీవా మళ్లీ ఆఫీసుకి వెళ్లింది. తలుపు వేయమని అడిగి, మిసెస్ లార్టీకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. శనివారం, జావ, బస్తాల బండి, ఐదు నెలల వంట. చెబుతున్నంతసేపూ మిసెస్ లార్టీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది.

"అంటే... మేం చప్పట్లు కొట్టిన రోజుకే..." అంది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అమ్మా, చచ్చినవాడికి సెలవు మంజూరు చేసే రూలు ఈ దేశంలో లేదు. నువ్వు చెప్పింది నిజమైతే ఆ సెలవు చెల్లదు. నూట రెండు రోజులూ తిరిగి ఆయన లెక్కలోకి వస్తాయి, నీకు ఇవ్వాల్సిందే. జీతం ఎవడు తీశాడో వాడి దగ్గర రాబట్టుకోవడం మా పని. కానీ ధ్రువపత్రం అక్టోబరు అంటోంది. డబ్బు నీకొస్తుంది కాబట్టి నీ ఒక్కదాని మాట చాలదు. శనివారం ఆయన పోయాడని ఇంకొకరు ప్రమాణం చెయ్యాలి. ఒక మనిషిని విచారణకి పంపిస్తా."

విచారణకి వచ్చినవాడు ఒక పూటంతా ఊళ్లో తిరిగాడు. నానా జూలైలో బతికే ఉన్నాడా అంటే, "ఉన్నాడు. కాలు నొప్పి. పెళ్లాం భోజనం మోసుకెళ్లడం ఈ కళ్లతో చూశాం" అన్నారు అందరూ. కొందరు భయంతో అన్నారు, కొందరు నిజమనుకునే అన్నారు. తర్వాత వాడు లారీ స్టాండుకి వచ్చాడు. తీవా పక్కనే నత్తలమ్మే డూఫీ ఉంటుంది. పద్దెనిమిదేళ్ల స్నేహం, ఒకే గొడుగు కింద రెండు బేరాలు. డూఫీకి ఆవిడ ఏమీ చెప్పలేదు. చెప్పాలని నలభై సార్లనుకుని, ఏ మొహంతో చెప్పాలో తెలియక ఊరుకుంది.

"ఆగస్టులో బతికున్నాడా అంటారేంటండీ?" అంది డూఫీ నడుం మీద చెయ్యేసుకుని. "ఆగస్టులో ఈవిడ నా దగ్గర నానా పులుసుకని పెద్ద నత్తలు ఏరి ఏరి తీసుకుంది. ధర దగ్గర నా ప్రాణం తీసింది కూడా! చచ్చినవాడికి నత్తలు వండుతారా ఎవరైనా? చెప్పవే తీవా!"

తీవా వంగి బొగ్గులు ఎగదోసింది. విచారణ మనిషి కాయితం మీద రాసుకుని, ఆవిడ వంక జాలిగానో, అసహ్యంగానో ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. తన మీద సాక్ష్యం తనే ఐదు నెలలు వండి వార్చింది. రోజుకి మూడు పూటలు.

మిసెస్ లార్టీ మాత్రం ఫైలు మూయలేదు. "శవాన్ని ఎక్కడ పెట్టారో అక్కడ ఒక పుస్తకం ఉంటుందమ్మా. చూసిరా" అంది.

ఆ పట్నానికి మూడు బస్సులు మారాలి. శవాల గది కాపలాదారు బక్క మనిషి, రబ్బరు బూట్లేసుకుని మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. బాఫో పేరు చెబితే పుస్తకమంతా వెతికాడు. "లేడు తల్లీ. ఆ పేరుతో ఎవరూ రాలేదు."

"పేరు మార్చి ఉంటారు బాబూ. మే ఇరవయ్యైదు, శనివారం. కందగడ్డల బస్తాల బండి."

"ఆ, బస్తాల బండా! అది గుర్తుంది నాకు. బస్తాలు దింపడానికి కూలికి నన్నే పిలిచారు." పేజీలు వెనక్కి తిప్పి వేలు పెట్టాడు. "ఇదిగో. అరవైకి దగ్గర వయసు. ఎడం కాలి చిటికెన వేలు లేదు. అక్టోబరు ఇరవయ్యొకటిన తీసుకెళ్లారు. పేరు... యా సెచెరే."

"కాదు, అది తెచ్చినవాడి పేరు."

"తెచ్చినవాడి పేరు రాయం తల్లీ. చచ్చినవాడి పేరే రాస్తాం. గుర్తింపు కార్డు అడిగితే ఇది ఇచ్చాడు. నెంబరు కూడా ఉంది చూడు."

తీవాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే గోడకి చేరగిలబడింది. ఆ చిటికెన వేలు గ్రేడర్ బ్లేడు కింద పోయింది, పెళ్లయిన రెండో ఏట. కట్టు కట్టింది తనే. ఆ మనిషి ఐదు నెలలు మేనల్లుడి పేరు మెడలో వేసుకుని పడుకున్నాడు. రహస్యం, రహస్యం అని కంగారులో ఆ వెధవ, మావయ్య కార్డు చూపిస్తే గుట్టు బయటపడుతుందని, జేబులో ఉన్న తన కార్డే తీసి ఇచ్చేశాడు! పేజీకి నకలు రాయించి, ముద్ర వేయించుకుని, రుసుము కట్టి తీవా బస్సెక్కింది.

ఆమె లోగిలికి చేరేసరికి పెద్దలు ఏడుగురు కూర్చుని ఉన్నారు. కొత్త నానా పేరు ఖాయం చేసే రోజది. ఆడవాళ్లు రాకూడని చోటేమీ కాదు గానీ, పిలవందే రాకూడదు. తీవా వచ్చింది. కాయితం ముసలాయన ఒళ్లో పెట్టింది.

"తాతా, నేను ఒక్క మాటే అడుగుతా. మే ఇరవయ్యైదున పోయిందెవరు?"

"మళ్లీ మొదలెట్టావా కోడలా—"

"ఈ పుస్తకంలో యా సెచెరే అని ఉంది. సెచెరే పోయినట్టు సర్కారు ఆస్పత్రి రాసి, ముద్రేసింది. మీరు ఇవాళ పీట మీద కూర్చోబెట్టేది శవాన్నా?"

ముసలాయనకి చదువు రాదు. పక్కనున్న పెద్దమనిషి కాయితం తీసుకుని చదివాడు. చదివి, మళ్లీ చదివి, మెల్లగా కింద పెట్టాడు, వేడి గిన్నె దించినట్టు.

"నిజమేనట్రా?" అన్నాడు ముసలాయన.

సెచెరే లేచి నిలబడ్డాడు. "తాతా, వాళ్లు కార్డు అడిగారు. నా దగ్గర నాదే ఉంది. మావయ్య పేరు చెబితే... చెప్పకూడదన్నారుగా మీరే! ఏదో ఒక పేరు..."

"వెయ్యి పేర్లున్నాయి కదరా లోకంలో! బతికున్నవాడి పేరు శవం మెడలో కడతావురా? నీ పేరా? పీటకెక్కాల్సిన పేరా?" అన్నాడు ముసలాయన. చేతికర్ర జారి కింద పడింది, ఎవరూ తీసివ్వలేదు. ఆయన జన్మంతా ఆచారం కాపాడాడు. ఆ ఆచారాన్ని కాపాడబోయి ఇంటివాడే దాన్ని ఇంతగా మైలపరుస్తాడని కలలో కూడా అనుకోలేదు. పేరు మీద మచ్చ ఉన్నవాడే పీటకి పనికిరాడు. శవంతో ఐదు నెలలు పడుకున్న పేరు పనికొస్తుందా? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది సెచెరే పని.

"పేరు దించాలి" అన్నాడు ముసలాయన. "ఎక్కడ రాశారో అక్కడే, ఆ శవం ఎవరిదో గట్టిగా చెప్పి దించాలి. లేకపోతే వీడు పీటకే కాదు, పెళ్లాం పక్కకి కూడా పనికిరాడు. పద కోడలా, ఏ ఆఫీసో చూపించు."

ఆస్పత్రి పుస్తకంలో పేరు దిద్దాలన్నా ముందు ప్రమాణపత్రమే కావాలంది తీవా. మర్నాడు ఆ ఎనభై రెండేళ్ల మనిషి మిసెస్ లార్టీ బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ప్రమాణం చేయించే అధికారి వచ్చి తేదీ అడిగాడు.

"శనివారం" అన్నాడు ముసలాయన. "మే ఇరవయ్యైదు. నేను జావ తాగడానికి వెళ్లా. నా మేనల్లుడు క్వాకు బాఫో నేల మీదున్నాడు. నా కోడలు కేక పెట్టబోయింది. నేనే నోరు మూశా. ఈ చేత్తో."

తీవా పక్కనే నిలబడి ఉంది. తొమ్మిది నెలల తర్వాత ఆ మాట ఇంకొకరి నోట బయటికి వచ్చింది. అప్పటిదాకా నేనే పిచ్చిదాన్నేమో, కలగన్నానేమో అని కొన్ని రోజులు అనుకుంది కూడా. బల్ల అంచు పట్టుకుంది. మిసెస్ లార్టీ ఏడుస్తోంది. తీవా ఏడవలేదు.

సెలవు రద్దయింది. నూట రెండు రోజులు తిరిగొచ్చాయి. జీతం తీసినందుకు సెచెరే కేసులో ఇరుక్కుని, పట్నంలో దుకాణం తాకట్టు పెట్టి వాయిదాల్లో కట్టుకుంటున్నాడు. పీట వాడి తమ్ముడికి పోయింది. పెద్దలు న్యాయం మర్చిపోలేదు, రహస్యం బయటపెట్టినందుకు తీవాకి ఒక గొర్రె, రెండు సారా సీసాలు జరిమానా వేశారు. ఆవిడ తిట్టుకుంటూనే కట్టింది. వానల ముందు డబ్బు చేతికొచ్చింది, ఆ వారమే రేకులు దిగాయి.

సంగతి స్టాండుకి చేరడానికి ఎంతసేపు? రేకులు దిగిన మర్నాడు తీవా బొగ్గులు రాజేస్తుంటే డూఫీ వచ్చి ఎదురుగా నిలబడింది. బుట్ట దింపలేదు.

"మేలోనే పోయాడటగా?"

"ఊఁ."

"ఆగస్టులో నా నత్తలు ఎవరు తిన్నారే?"

"సెచెరే తిన్నాడు. ముసలాయన తిన్నాడు."

"నేను రోజూ నానాని అడిగానని చెప్పమనేదాన్ని. నువ్వు మర్నాడు జవాబు పట్టుకొచ్చేదానివి. డూఫీ నోరు తగ్గిందా అన్నాడు, డూఫీ నత్తల్లో ఇసక ఎక్కువన్నాడు అని. నేను నవ్వేదాన్ని. అచ్చం ఆయన మాటల్లాగే ఉండేవి."

తీవా విసనకర్ర ఆపింది. ఖాళీ గదిలోకి గిన్నె తీసుకెళ్లి, డూఫీ అడిగిందని గోడకి చెప్పి, గోడ ఏమంటుందో తనే వినేది. ఆ ఐదు నెలల్లో ఆవిడ మొగుడితో మాట్లాడింది అలాగే.

"అవన్నీ నువ్వేనా?"

"నేనే."

డూఫీ బుట్ట అప్పుడు దింపింది. మోకాళ్ల మీద కూర్చుంది. మొహంలో కోపం లేదు, నెత్తురు చుక్క లేదు.

"సెప్టెంబరులో మావాడి పెళ్లికి నానా దీవెన పంపాడు. పిల్లలు కలిగేదాకా పోట్లాడుకోకండి, కలిగాక టైముండదు అన్నాడని నువ్వు చెప్పావు. బతికున్న నానా నోటి దీవెన అని నా కోడలు దాన్ని చీటీ మీద రాసి మంచం తలవైపు గోడకి అంటించుకుంది. రోజూ చదువుతుంది. అది కూడా..."

"అది కూడా నేనే డూఫీ."

స్టాండులోకి ఒక లారీ వచ్చింది, అరటికాయలకి ఇద్దరు దిగారు. తీవా వాళ్లని చూడలేదు.

"మరి నేనిప్పుడు ఇంటికెళ్లి దానికి ఏం చెప్పనే?" అంది డూఫీ.